మన ఊరి గుడికి, గుట్టకు చట్టరక్షణ ఎలా వస్తుంది?

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరుంది. ఆ ఊరి దగ్గరి గుట్టను జనం బొమ్మలమ్మ గుట్ట అంటారు. గుట్ట రాతి మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరీ దేవి బొమ్మ చెక్కి ఉంటాయి. ఆ బొమ్మల దగ్గరే పదో శతాబ్దపు శాసనం ఒకటుంది. వేయించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపకు తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో సాగే ఆ శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. నన్నయ భారత రచనకు చాలా ముందటి పద్యాలివి. తెలుగులో కందం ఎప్పటి నుంచి ఉందని అడిగితే పండితులు ఆ గుట్ట వైపే చూపిస్తారు. అలాంటి గుట్టకు గ్రానైట్ క్వారీల బెడద వచ్చింది. పేలుళ్ళ అదురుకు ఆ రాయి ఎక్కడ బీటలు వారుతుందోనని చరిత్రకారులు, స్థానికులు ఏళ్ళ తరబడి మొత్తుకోవలసి వచ్చింది.

ఇంత విలువైన చోటికి క్వారీ ఎలా వచ్చిందో అర్థం కావాలంటే కాగితాల దారి చూడాలి. గ్రానైట్ లీజుకు ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే గనుల శాఖ రెవెన్యూ వాళ్ళ అభిప్రాయం అడుగుతుంది. తహసీల్దారు కార్యాలయంలో పహాణీ తీసి సర్వే నంబరు చూస్తారు. చాలా గుట్టలకు అక్కడ ‘సర్కారీ’ అనో, ‘పోరంబోకు’ అనో, ‘గుట్ట’ అనో ఒక్క ముక్క ఉంటుంది. శాసనం ఊసు, బొమ్మల ఊసు ఆ గడిలో ఉండదు. ‘అభ్యంతరం లేదు’ అని రాసిన ఉద్యోగిని అబద్ధం రాశాడని అనలేం. ఆయన ముందున్న కాగితంలో చరిత్ర లేదు, అంతే. మన ఊళ్ళలో పాత గుళ్ళు, మెట్లబావులు, కోటగోడలు, వీరగల్లులు, నిలువురాళ్ళు పోతున్నది ఎక్కువగా ఇలాగేనని నా అభిప్రాయం. పగబట్టి కూల్చేవాళ్ళు అరుదు. లెక్కలో లేనందువల్ల, అడిగే నాథుడు లేనందువల్ల పోయేవే ఎక్కువ.

ఆ లెక్కలోకి ఎక్కించే పని ఎలా జరుగుతుందో చెప్పడానికే ఈ వ్యాసం. ఆ పని ఎవరైనా మొదలుపెట్టవచ్చు. బడి పంతులు, సర్పంచి, డిగ్రీ చదివే పిల్ల, పింఛను తీసుకుంటున్న పెద్దాయన, ఎవరైనా సరే. చారిత్రక స్థలాన్ని రక్షించాలని కోరే హక్కుకు పట్టాతో పనిలేదు. మన మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని కాపాడటం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణమే చెబుతోంది.

ముందుగా, రక్షణ ఎవరిస్తారు? ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలు కేంద్రం చేతిలో ఉంటాయి. వాటిని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ, అంటే ఏఎస్‌ఐ చూసుకుంటుంది. దీనికి ఆధారం 1958 నాటి పురాతన కట్టడాల చట్టం. దేశం మొత్తం మీద ఈ జాబితాలో ఉన్నవి దాదాపు 3,700. తెలంగాణ వాటా అందులో 8 మాత్రమే: చార్మినార్, గోల్కొండ కోట, వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి ఆ కొద్దింటిలోనివి. ఆంధ్రప్రదేశ్‌లో వందకు పైగా ఉన్నాయి. మిగిలినవాటిని రాష్ట్రాలు తమ చట్టాల కింద కాపాడుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి చట్టం ఉంది. తెలంగాణ 2017లో కొత్తగా వారసత్వ చట్టం చేసుకుంది. గోల్కొండ కోట కేంద్రం రక్షణలో ఉంటే, దానికి కూతవేటు దూరంలోని కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్రం రక్షణలో ఉన్నాయి. రాష్ట్ర జాబితాలో ఉండటం చిన్నతనమేమీ కాదు.

పత్రికల్లో ‘యునెస్కో గుర్తింపు కావాలి’ అన్న డిమాండ్లు తరచూ కనిపిస్తాయి. ఊళ్ళో గుడి కప్పు మీద రావిచెట్టు మొలిచి ఉంటుంది, రాష్ట్ర జాబితాలో కూడా పేరుండదు, అయినా అడిగేది ప్రపంచ వారసత్వ హోదా. ఆ ఉత్సాహాన్ని తప్పుపట్టను. కానీ యునెస్కో ఏ కట్టడాన్నీ తాను కాపలా కాయదు. సొంత దేశపు చట్టం కింద రక్షణ ఉందా, చుట్టూ ఎంత మేర హద్దు గీశారు, చూసుకునే యంత్రాంగం ఏది అనే ముందు అడుగుతుంది. కాబట్టి మామూలు ఊరి గుడికి, బావికి, శాసనానికి తట్టవలసిన మొదటి తలుపు రాష్ట్ర శాఖదే. ఆంధ్రప్రదేశ్‌లో పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ, తెలంగాణలో వారసత్వ శాఖ. ఆ శాఖ సంచాలకుడికి ప్రతిపాదన పంపి, ఒక ప్రతి జిల్లా కలెక్టరుకు ఇవ్వాలి. మీరు చూపించే స్థలం జాతీయ స్థాయిది అని గట్టి ఆధారాలుంటే ఏఎస్‌ఐ సర్కిల్ కార్యాలయానికి కూడా రాయవచ్చు. తెలంగాణకు హైదరాబాద్ సర్కిల్, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి సర్కిల్ ఉన్నాయి.

ప్రతిపాదన అందాక ఏం జరుగుతుంది? కేంద్ర చట్టం నాలుగో సెక్షనులో ఈ దారి స్పష్టంగా ఉంది. కట్టడమైనా, శిల్పమైనా, శాసనమైనా, గుహ అయినా నూరేళ్ళకు తక్కువ కాకుండా ఉండి ఉండాలి. చారిత్రకంగానో, పురావస్తుపరంగానో, కళాపరంగానో విలువ ఉండాలి. శాఖ వాళ్ళు వచ్చి చూస్తారు, కొలుస్తారు, ఎవరి ఆధీనంలో ఉందో విచారిస్తారు. రక్షించదగిందని తేలితే, ఫలానా కట్టడాన్ని జాతీయ ప్రాముఖ్యం గలదిగా ప్రకటించాలనుకుంటున్నామని గెజెట్‌లో రెండు నెలల నోటీసు ఇస్తారు. ఆ నోటీసు ప్రతిని కట్టడం దగ్గర అందరికీ కనబడేలా అంటిస్తారు. సంబంధం ఉన్నవాళ్ళెవరైనా ఆ రెండు నెలల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. అభ్యంతరాలు పరిశీలించాక తుది ప్రకటన గెజెట్‌లో వస్తుంది. రక్షణ మొదలయ్యేది ఆ రోజు నుంచే. అంతకుముందు ఎంత పెద్ద అధికారి వచ్చి ‘ఇది చాలా గొప్ప కట్టడం’ అని మెచ్చుకుని వెళ్ళినా చట్టం కళ్ళకు అది మామూలు రాళ్ళగుట్టే. రాష్ట్ర చట్టాల్లోనూ కొద్ది తేడాలతో నడిచే దారి ఇలాంటిదే.

ఇది నెలల్లో తేలే పని కాదు. ఫైలు ఏళ్ళకేళ్ళు నలుగుతుంది. ఆ ఆలస్యంలో సిబ్బంది కొరత వల్ల వచ్చేది కొంతైతే, ప్రతిపాదన అరకొరగా ఉండటం వల్ల వచ్చేది మరికొంత. ‘మా ఊళ్ళో కాకతీయుల నాటి గుడి శిథిలమవుతోంది, కాపాడగలరు’ అని నలభై సంతకాలతో ఒక పేజీ పంపితే, దాన్ని అందుకున్న ఉద్యోగి దగ్గర ఆధారం అంటూ ఏమీ ఉండదు. వివరాలన్నీ తానే తిరిగి సంపాదించుకోవాలి. జిల్లాకు ఒకరిద్దరు కూడా లేని శాఖలో అది ఎప్పటికి అవుతుంది? అందుకే ఫైలుకు కావలసిన సరుకంతా మనమే సమకూర్చి పంపితే పని సగం తగ్గుతుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. చెరువు కట్ట కింద పాడుబడ్డ శివాలయం, దాని ముందు పక్కకు ఒరిగిన ఒక శాసన స్తంభం. మొట్టమొదట కావలసింది సర్వే నంబరు. గుడి ఏ సర్వే నంబరులో, ఏ సబ్‌డివిజనులో ఉందో తేల్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి పోర్టల్‌లో అడంగల్, ఎఫ్‌ఎంబీ చూడవచ్చు. తెలంగాణలో పహాణీ నకలు, ఊరి నక్షా, టిప్పన్ కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళాలి. గుడి మాన్యం భూమిలో ఉందా, గ్రామకంఠంలో ఉందా, చెరువు శిఖంలో ఉందా, ఒక రైతు పట్టాలో ఉందా అన్నదాన్ని బట్టి తర్వాతి కథ మారిపోతుంది. పాత ఖాస్రా పహాణీలోనో, ఇనాం రికార్డులోనో ‘దేవుడి మాన్యం’ అని కనబడితే దాని నకలు తప్పక జతచేయాలి.

తర్వాత కొలతలు. ఒక టేపు, ఇద్దరు మనుషులు, గళ్ళ కాగితం చాలు. గర్భగుడి లోపలి పొడవు వెడల్పులు, అంతరాలయం, మండపం, స్తంభాలు ఎన్ని, వాటి మధ్య దూరం, గుమ్మం ఏ దిక్కుకు ఉంది, ప్రాకారం ఆనవాలు ఎంతవరకు కనబడుతోంది. ఇవన్నీ ఒక ప్లాను మీద గీసి ఉత్తరం గుర్తు పెట్టాలి. ఫోటోలు నాలుగు దిక్కుల నుంచీ తీయాలి. లలాటబింబం, ద్వారబంధం, పైకప్పు లోపలి చెక్కడం, పీఠం, ఒరిగిన రాళ్ళు, పగుళ్ళు, మొలిచిన చెట్లు విడివిడిగా రావాలి. ప్రతి ఫోటోలో పక్కన ఒక స్కేలు గానీ కొలత గుర్తులున్న కర్ర గానీ ఉంచితే చూసేవాళ్ళకు పరిమాణం తెలుస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే అక్షాంశ రేఖాంశాలు వాటంతటవే నమోదవుతాయి.

శాసనం విషయంలో ఒక హెచ్చరిక. అక్షరాలు బాగా కనబడాలని సుద్దముక్కతో రుద్దడం, నూనె పూయడం, పసుపు కుంకుమలు అద్దడం, తీగ బ్రష్‌తో గీకడం, యాసిడ్‌తో కడగడం ఎంతమాత్రం చేయకూడదు. వేయేళ్ళు ఎండా వానా తట్టుకున్న అక్షరం ఒక్క పూట బ్రష్ దెబ్బకు అరిగిపోతుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు పక్క నుంచి ఫోటో తీస్తే అక్షరాల నీడలు లేచి లిపి చక్కగా కనబడుతుంది. రాత్రిపూట టార్చిలైటు పక్క నుంచి వేసినా అంతే. ఆ ఫోటోలను మైసూరులో ఉన్న ఏఎస్‌ఐ శాసన విభాగానికి, రాష్ట్ర శాఖకు పంపవచ్చు. శాసనం అంతకుముందే చదివి అచ్చువేసి ఉంటే రాజు పేరు, శక సంవత్సరం, దానం చేసిన భూమి వివరాలు చేతికి వస్తాయి. అప్పుడు ‘చాలా పాత గుడి’ అన్న మాట పోయి, ఫలానా రాజు కాలంలో ఫలానా సంవత్సరాన కట్టిన గుడి అని రాసే వీలు వస్తుంది. ప్రతిపాదనకు అంతకు మించిన బలం మరొకటి లేదు.

ఇలా కొలిచి, గీసి, ఫోటో తీసి పెట్టడానికి సొంత విలువ కూడా ఉంది. అమరావతి స్తూపాన్ని కర్నల్ కాలిన్ మెకంజీ మొదట 1797లో చూశాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి చాలా పలకలు లేవు. కొన్ని ఇతర కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నం కోసం బట్టీల్లో కాలిపోయాయి. అప్పుడు ఆయన తన చిత్రకారుల చేత మిగిలినవాటికి కొలతలతో బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత పోయిన కొన్ని పలకల గురించి మనకు తెలిసినదంతా ఆ బొమ్మల వల్లనే. ఆ స్తూపం పోయింది గానీ దాని రూపం ఊహించుకోగలుగుతున్నామంటే ఆ కాగితాలే కారణం. మీ ఊరి గుడికి రేపు గెజెట్ వచ్చినా రాకపోయినా, ఈరోజు మీరు గీసిన ప్లాను, తీసిన ఫోటోలు మాత్రం పనికిరాకుండా పోవు.

ఫైలులో ఇంకొకటి కూడా ఉండాలి: హద్దులు. ఎంత మేర రక్షణ అడుగుతున్నామో సర్వే నంబర్లతో, ఎకరాలతో, నాలుగు దిక్కుల చెక్కుబందీతో రాయాలి. ఇది తేలిగ్గా తీసుకున్న చోట తర్వాత పెద్ద గొడవలవుతాయి. విశాఖపట్నం, భీమునిపట్నం దారిలో తొట్లకొండ ఉంది. 1970లలో నౌకాదళం తన అవసరాల కోసం ఆ ప్రాంతాన్ని సర్వే చేస్తుంటే బౌద్ధ శిథిలాలు బయటపడ్డాయి. 1978లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని రక్షిత స్థలంగా ప్రకటించింది. ఆ ప్రకటనే లేకపోతే తర్వాత తవ్వకాల్లో వెలికి వచ్చిన స్తూపాలు, విహారాలు, రాతిలో తొలిచిన నీటితొట్లు మనకు మిగిలి ఉండేవి కావేమో. అయితే రక్షణ శిథిలాలున్న 120 ఎకరాలకేనా, మూడు వేల ఎకరాలు దాటిన ఆ సర్వే నంబరు మొత్తానికా అన్న వివాదం తర్వాత రేగి హైకోర్టు దాకా వెళ్ళింది. సముద్రం ఒడ్డున భూమి ధర పెరిగిన కొద్దీ హద్దు విలువ కూడా పెరుగుతుంది. మొదటి కాగితంలోనే గీత స్పష్టంగా ఉండటం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక అందరికంటే ముందు మాట్లాడవలసిన వాళ్ళు స్థలానికి చుట్టుపక్కల ఉండేవాళ్ళు. వాళ్ళ దగ్గర ఏదీ దాచకూడదు. కేంద్ర రక్షణ వచ్చిందంటే కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆ పైన మరో 200 మీటర్లు అనుమతితోనే కట్టుకోవాలి. 1992 జూన్ నుంచి నోటిఫికేషన్ రూపంలో ఉన్న ఈ ఆంక్షలు 2010 సవరణతో చట్టంలోకే ఎక్కాయి. అప్పటికే ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, దానికి జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ నుంచి అనుమతి తెచ్చుకోవాలి. కాగితం మీద ఇది చిన్న విషయంలా కనబడుతుంది. వరంగల్ కోట లోపల తరాలుగా కాపురముంటున్న కుటుంబాలను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. కొడుక్కి పెళ్ళయి పైన ఒక గది వేసుకుందామన్నా అడ్డమే. అలాంటిచోట జనం కట్టడాన్ని తమదిగా చూడరు, తమ పాలిట శనిగా చూస్తారు. రాత్రికి రాత్రి ఒక రాయి మాయమైతే ఆశ్చర్యం ఏముంది?

ఈ బాధ నిజమైనదని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాకే ఊరితో మాట్లాడాలి. కట్టడానికి వంద మీటర్లలో ఎన్ని ఇళ్ళున్నాయి, ఎవరి పొలాలున్నాయి, ఎవరు ఏం కోల్పోతారు అన్నది ప్రతిపాదనకు ముందే లెక్క వేసి చెప్పాలి. ఇళ్ళ మధ్య ఉన్న చిన్న గుడికో, బావికో రాష్ట్ర రక్షణ సరిపోతుందా అని ఆలోచించాలి. చివరికి గ్రామసభ తీర్మానం తీసుకోవాలి. తీర్మానం లేకపోయినా చట్టప్రకారం ప్రతిపాదన చెల్లుతుంది. కానీ ఊరు ఒప్పుకుని అడిగిన రక్షణకు, ఊరికి తెలియకుండా వచ్చిపడిన రక్షణకు చాలా తేడా ఉంటుంది.

పూజలు జరుగుతున్న గుళ్ళ విషయంలో మరో భయం ఉంటుంది: ప్రభుత్వం తీసుకుంటే అర్చన ఆగిపోతుందని. అలా ఏమీ జరగదు. రామప్పలో, వేయిస్తంభాల గుడిలో ఈనాటికీ పూజలు జరుగుతున్నాయి. కేంద్ర చట్టంలోని పదహారో సెక్షను ఆరాధన స్థలాన్ని దాని స్వభావానికి తగని పనులకు వాడకూడదనే చెబుతోంది. స్థల యాజమాన్యం కూడా ప్రకటనతోనే చేతులు మారదు. ఆగేవి వేరే ఉన్నాయి. భక్తితోనే చేసినా కట్టడాన్ని చంపే పనులు కొన్నున్నాయి కదా, అవి ఆగుతాయి: స్తంభాలకు ఎనామిల్ రంగులు వేయడం, ఇసుక యంత్రంతో శిల్పాలను రుద్దించడం, పాత రాతి పరుపు మీద గ్రానైట్ పలకలు పరచడం, శాసనం ఉన్న బండను గడపగానో అరుగుగానో వాడుకోవడం, సున్నపు గచ్చు పగిలిన చోట సిమెంటు పులమడం. ఆలయ కమిటీ పెద్దలకు, అర్చకులకు ఈ తేడా ఓపికగా చెబితే చాలామంది ఒప్పుకుంటారు. గుడి నిలవాలన్న కోరిక వాళ్ళకు మనకంటే ఎక్కువ.

జాబితాలో పేరుండటం ఎంత పని చేస్తుందో చూడాలంటే హైదరాబాద్ ఇర్రం మంజిల్ కథ గుర్తుచేసుకోవాలి. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న ఆ భవనం ఏఎస్‌ఐ జాబితాలో లేదు. 1995లో నగరాభివృద్ధి నిబంధనల్లో చేర్చిన పదమూడో రెగ్యులేషన్ కింద హైదరాబాద్‌లోని వారసత్వ భవనాలకు, కొన్ని రాతి గుట్టలకు కూడా రక్షణ దొరికింది. ఇర్రం మంజిల్ ఆ జాబితాలోది. 2015లో ఆ రెగ్యులేషన్‌ను తీసేశారు. 2019 జూన్‌లో ఇర్రం మంజిల్ కూల్చి కొత్త శాసనసభ భవనం కట్టాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. పౌరులు, ఫక్రుల్ ముల్క్ వారసులు హైకోర్టుకు వెళ్ళారు. ఒకప్పుడు జాబితాలో చేరిన భవనాన్ని చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా తీసిపారేయవచ్చా అన్నది వాదనల్లో ముఖ్యమైన ప్రశ్న అయింది. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. జాబితాలో లేని మరో పాత భవంతికి ఇదే ఆపద వచ్చి ఉంటే న్యాయవాదికి పట్టుకోవడానికి ఒక కొస కూడా దొరికేది కాదు. ఊళ్ళో నలుగురికి తెలిసిన గొప్పతనం కోర్టులో నిలబడదు. నోటిఫికేషన్ నంబరు నిలబడుతుంది.

అలాగని కాగితం ఒక్కటే కాపాడుతుందనుకుంటే అదీ పొరపాటే. 2013లో కాగ్ బృందాలు కేంద్ర రక్షిత కట్టడాల్లో 1,655 చోట్లకు స్వయంగా వెళ్ళి చూస్తే 92 కట్టడాలు కనిపించలేదు. తర్వాత ఏఎస్‌ఐ వెతికి చాలావాటి ఆచూకీ పట్టుకుంది. చివరికి ఇక దొరకవని తేలినవాటిలో 18 కట్టడాలను 2024లో జాబితా నుంచి తొలగించే పని మొదలుపెట్టింది. చట్టరక్షణ ఉండి కూడా అవి భూమి మీద లేకుండా పోయాయి. నిధులు చాలక దేశం మొత్తం మీద 248 చోట్ల మాత్రమే కాపలాదారులను పెట్టగలిగారని 2022లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టింది. రక్షిత కట్టడానికి హాని చేస్తే రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా శిక్ష ఉంది. కానీ ఫిర్యాదు చేసేవాళ్ళు అక్కడ ఉండాలి కదా. గుప్త నిధుల కోసం రాత్రిళ్ళు గర్భగుళ్ళు తవ్వే ముఠాలకు పురావస్తు శాఖ అంటే భయం లేదు, ఊళ్ళో మెలకువగా ఉండేవాళ్ళంటే భయం. గెజెట్ వచ్చాక కూడా ఊరి పని అయిపోదు. పహాణీలో, అడంగల్‌లో ‘రక్షిత కట్టడం’ అని నమోదు చేయించాలి. నీలం బోర్డు పాతించాలి. ఏడాదికి ఒకసారైనా అవే చోట్ల నుంచి మళ్ళీ ఫోటోలు తీసి పాతవాటితో పోల్చి చూడాలి.

ఈ దారిలో చివరి మెట్టు దాకా వెళ్ళిన కథ మన దగ్గర ఒకటుంది. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని అక్కడి శాసనమే చెబుతుంది. హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ తొలి సంచాలకుడు గులాం యజ్దానీ ఆ గుళ్ళ మీద ప్లాన్లతో, ఫోటోలతో రాసిన గ్రంథం 1922లో అచ్చయింది. 2014లో వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట తోరణాలతో కలిపి రామప్పను యునెస్కో తాత్కాలిక జాబితాలో పెట్టారు. తర్వాత రామప్పను ఒక్కదాన్నే ముందుకు తీసుకెళ్ళారు. ఇసుక నింపిన పునాది, నీటిలో తేలేంత తేలికైన ఇటుకల శిఖరం, నల్లరాతి మదనికలు ఎందుకు ప్రపంచంలో మరెక్కడా లేనివో ఆధారాలతో నిరూపించవలసి వచ్చింది. కాకతీయ హెరిటేజ్ ట్రస్టు లాంటి స్థానిక సంస్థలు ఏళ్ళ తరబడి వెంటపడ్డాయి. నిపుణులు వచ్చి చూసి లోపాలు ఎత్తిచూపారు, వాటికి జవాబులు ఇచ్చుకున్నారు. 2021 జూలై 25న గుర్తింపు వచ్చింది. కుతుబ్‌షాహీ కట్టడాలు 2010 నుంచీ, లేపాక్షి 2022 నుంచీ, నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్ళు 2025 మార్చి నుంచీ తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. అక్కడి నుంచి పై మెట్టు ఎక్కాలంటే కనీసం ఏడాది ఆ జాబితాలో ఉండాలి. పైగా ఏ దేశమైనా ఏడాదికి ఒక్క ప్రతిపాదనే పంపగలదు. పాలంపేటకు అంత దూరం నడిచే వీలు కలిగిందంటే, అప్పటికే గుడికి చట్టరక్షణ, హద్దులు, నూరేళ్ళ నాటి రికార్డు ఉండటం వల్లనే.

మీ ఊళ్ళో పాత గుడో, మసీదో, చర్చో, మెట్లబావో, బురుజో, పేరు తెలియని నిలువురాయో ఉండే ఉంటుంది. అది ఇప్పటికే ఏదైనా జాబితాలో ఉందో లేదో ముందు కనుక్కోండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో రాష్ట్ర శాఖకు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ మండలంలో రక్షిత కట్టడాలు ఏవి, వాటి ఉత్తర్వు నంబరు, తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం ఎంత అని అడగండి. జాబితాలో ఉంటే ఆ ఉత్తర్వు నకలు పంచాయతీ కార్యాలయంలో పెట్టించండి. లేకపోతే సర్వే నంబరు పట్టుకుని, కొలతలు తీసి, ఫోటోలు జతచేసి, చుట్టుపక్కల వాళ్ళతో మాట్లాడి, వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టించి ప్రతిపాదన పంపండి. రశీదు దాచుకోండి, మూడు నెలలకొకసారి గుర్తుచేయండి. క్వారీ దరఖాస్తో, రోడ్డు వెడల్పు నోటీసో వచ్చేదాకా మాత్రం ఆగకండి.